సోఫా మీద జంపక్క

చెప్పులు విప్పకుండా హాల్లోకి నడిచొచ్చినప్పుడే పద్మావతమ్మకు ఆ పిల్ల మీద ఒళ్ళు మండింది. పేరు దీపికట. ఇళ్ళకు ముస్తాబు చేసి, ఫొటోలు తీసి, ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టడం ఆమె వ్యాపారం. ఖమ్మం నుంచి కారేసుకుని భద్రాచలం వచ్చింది. పెళ్ళికూతురికి ముస్తాబు చేస్తారు, పోయినవాళ్ళకీ చేస్తారు, గోడలకూ గుమ్మాలకూ చేసేవాళ్ళుంటారని పద్మావతమ్మ ఈ వయసు వచ్చేదాకా వినలేదు. కారు డిక్కీ తెరిస్తే అందులోంచి ప్లాస్టిక్ మొక్కలు, ప్లాస్టిక్ నిమ్మకాయలు, తెల్ల దుప్పట్లు, ఎవరూ చదవని రంగురంగుల అట్టల పుస్తకాలు ఒక్కొక్కటే దిగాయి.

"నిమ్మకాయలెందుకమ్మా? ఇంటికి దిష్టి తీస్తావా?" అంది పద్మావతమ్మ.

"కిచెన్ల కొంచెం ఎల్లో పడ్తే ఫ్రెష్‌గ కనిపిస్తది ఆంటీ."

"పెరట్లో చెట్టు నిండా కాయలున్నాయి."

"అవిటికి మచ్చలుంటయ్ ఆంటీ. కెమెరాల మంచిగుండవ్."

దేవుడిచ్చిన నిమ్మకాయ పనికిరాదు, ఫ్యాక్టరీలో పోసిన నిమ్మకాయ పనికొస్తుంది! పద్మావతమ్మ నాలుక చివర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. అయినా మింగేసుకుంది. ఎందుకంటే ఈ ఇల్లు అమ్ముడుపోవాలి. వానలు ముదరకముందే పోవాలి. పెళ్ళయి కృష్ణా జిల్లా నుంచి వచ్చినప్పటి నుంచీ ఏటేటా గోదావరికి భయపడి బియ్యం బస్తాలు, బీరువాలో బట్టలు, పచ్చడి జాడీలు మేడ మీదికి ఎక్కించడం, వరద దిగాక బురద ఎత్తడం ఆమెకు వ్రతమైపోయింది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఖమ్మంలో, ఖానాపురం హవేలి వైపు, మూడో అంతస్తులో ఒక ఫ్లాటు చూసుకున్నారు. నది పేరెత్తితే పంపునీళ్ళు తప్ప ఏమీ గుర్తురాని చోట మిగిలిన కాలం గడపాలని ఆమె ఆశ. ఇక్కడిది అమ్మితేనే అక్కడిది కొనేది.

దీపిక హాలంతా కలియదిరిగి, గోడ మీద పోయిన వరదనాటి చార దగ్గర ఆగింది. ఎన్నిసార్లు సున్నం వేసినా పైకి తేలే చార అది. దాని మీద ఇటుకల బొమ్మలున్న కాగితం అంటించింది. ఇటుకలతో కట్టి, సిమెంటు పూసి, రంగేసిన గోడ మీద మళ్ళీ ఇటుకల బొమ్మ. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు పెద్దలు. తర్వాత మేడ ఎక్కి కెమెరాలోంచి చూసి "వావ్, గోదావరి వ్యూ!" అని కేకపెట్టింది.

వ్యూ అట! వరదొచ్చిన ఏడు ఆ వ్యూ మేడ ఎక్కనక్కర్లేదు, మంచం కిందకే వచ్చి కూర్చుంటుంది.

అంతటితో ఆగితే బాగుండేది. పిల్ల గోడల మీద ఫొటోలన్నీ దించింది. పెళ్ళి ఫొటో, మామగారి ఫొటో, మొగుడు వెంకటరామారావు రైతు సంఘంలో శాలువా కప్పించుకున్న ఫొటో, అన్నీ అట్టపెట్టెలోకి వెళ్ళాయి. పూజగదిలో దేవుళ్ళను కూడా ఒక్కరిని ఉంచి మిగతావాళ్ళను సర్దేసింది.

"కొనేటోళ్ళకు ఇది మన ఇల్లు అన్న ఫీలింగ్ రావాలె ఆంటీ. మీరున్న గుర్తులుంటే ఆ ఫీలింగ్ రాదు."

"ఇన్నేళ్ళు కాపురం చేసిన ఇంట్లో నా గుర్తు లేకుండా చేస్తావా?" అంది పద్మావతమ్మ.

"చెయ్యనీవే. అమ్మేసేదానికి గుర్తులెందుకు?" అన్నాడు వెంకటరామారావు. ఆయనకు దీపిక ఏం చేసినా ముద్దే. చేతిలో సెల్లున్న మనిషి ఎవరు కనబడినా ఆయనకు మేధావిలాగే తోస్తారు.

అసలు తంటా మధ్యాహ్నం మొదలైంది. ఆ వెబ్‌సైటులో ఇల్లు పైన కనపడాలంటే "వెరిఫైడ్ ఓనర్" అని పచ్చ టిక్కు పడాలట. అది పడాలంటే ఇంటి ఓనరే ఇంట్లో కూర్చుని, పేరు చెప్పి, ఈ ఇల్లు నాది, అమ్ముతున్నాను అని వీడియోలో చెప్పాలట. దీపిక కాగితాలు తిరగేసి తల ఎత్తింది.

"అంకుల్, ఇంటి పన్ను, కరెంటు మీటర్, అన్నీ జంపక్క అనే పేరు మీదున్నయ్. ఆమె ఎవరు?"

మొగుడూ పెళ్ళామూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, పైకి అనేవాళ్ళూ లేరు. ఇది ఏజెన్సీ ప్రాంతం. ఇక్కడి భూమి గిరిజనేతరులు కొనకూడదు, కొన్నా చెల్లదు. ఆ చట్టాన్ని ఇక్కడ అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. వెంకటరామారావు వెనకటికి బొజ్జయ్య అనే కోయ రైతు దగ్గర తెల్లకాగితం మీద జొన్నచేను రాయించుకున్నాడు. కాగితం ఆయన పెట్టెలో ఉంది, సర్కారు రికార్డుల్లో పేరు మాత్రం బొజ్జయ్యదే. బొజ్జయ్య పోయాక అతని కూతురు జంపక్క పేరు మీదికి మార్పించి, ఆ చేలో ఇల్లు కట్టాడు. జంపక్క పెరట్లో రేకుల గదిలో ఉంటూ అదే ఇంట్లో అంట్లు తోముతోంది. ఇలాంటి ఇళ్ళు చేతులు మారడమూ ఇలాగే. కొనేవాడు తనకు తెలిసిన గిరిజనుడి పేరొకటి వెంట తెచ్చుకుంటాడు. ఎద్దుకు ముక్కుతాడు మార్చినట్టు ఒక పేరు తీసి ఇంకో పేరు వేస్తారు. తలుపులు మూసుకుని గుసగుసగా చేసుకునే బేరం ఇది.

అలాంటి బేరాన్ని ఇంటర్నెట్లో పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుడుతుంది? వెంకటరామారావుకే పుడుతుంది.

"దానికేముంది? జంపక్కనే కూర్చోబెడదాం," అన్నాడాయన.

"మీకు మతి ఉందా? ఊరంతా చూస్తుంది," అంది పద్మావతమ్మ.

"ఊళ్ళోవాళ్ళెందుకు చూస్తారే? ఇళ్ళు కొనేవాళ్ళు చూస్తారు. ఇదంతా హైదరాబాదు సరుకు. ఈ అడివిలో ఎవడు చూడొచ్చాడు?"

జంపక్కను పిలిచారు. గిన్నెల మసి చేతులతోనే వచ్చింది. దీపిక ఆమెను ఎగాదిగా చూసి, మంచి చీర కావాలంది. పద్మావతమ్మ బీరువా తెరిచి, కంచిపట్టు జోలికి పోకుండా, కాస్త జరీ మాసిన ఆకుపచ్చ పట్టుచీర ఒకటి తీసిచ్చింది. కట్టుకున్నాక చూస్తే జంపక్కకు అది తన కన్నా బాగా నప్పింది. అది కూడా పద్మావతమ్మకు గిట్టలేదు.

"సోఫా మీద కూసో అక్కా," అంది దీపిక.

జంపక్క సోఫా వంక చూసింది, పద్మావతమ్మ వంక చూసింది. రోజూ దులిపే సోఫాయే. కూర్చోవడం మాత్రం ఎన్నడూ లేదు. చివరికి కూర్చుంది, కోడి గంప అంచు మీద నిలబడ్డట్టు.

ఇంతలో పిల్ల ఇంకో ఆజ్ఞ వేసింది. అద్దాల్లోనూ కిటికీల్లోనూ మనుషులు పడుతున్నారట. అంకుల్, ఆంటీ కాసేపు వెనక గదిలో కూర్చోవాలట. అట్టపెట్టెలు, పచ్చడి జాడీలు, తీసేసిన దేవుళ్ళు, మొగుడూ పెళ్ళామూ, అందరూ కలిసి జంపక్క రేకుల గదిలోకి చేరారు. ఎండకు రేకులు పెనంలా కాలుతున్నాయి. ఉన్న ఒక్క నులకమంచం మీద వెంకటరామారావు కూర్చున్నాడు. పద్మావతమ్మ ఒక జాడీని ఒళ్ళో పెట్టుకుని గడప మీద చతికిలబడింది. ఇన్నేళ్ళలో ఈ గదిలో కాలు పెట్టడం ఆమెకు ఇదే మొదలు. గాలి రాదని ఇప్పుడు తెలిసింది. కిటికీ ఎందుకు పెట్టించలేదో అడగబోయి, వద్దన్నది తనేనని జ్ఞాపకం వచ్చి ఊరుకుంది.

హాల్లోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"చెప్పు అక్కా. ఈ ఇల్లు నాది అను."

"ఈ ఇల్లు అయ్యది."

"అట్ల కాదు. నాది అనాలె."

"ఈ ఇల్లు... నాది."

"గట్టిగ అను. నవ్వుకుంట అను. నీ ఇల్లే గదా అక్కా, పరాయోళ్ళ సొమ్ము లెక్క చెప్తవేంది? మళ్ళొకసారి."

మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. వెంకటరామారావుకు ఓపిక నశించింది. గడప దగ్గరికొచ్చి తనే అరిచాడు. "జంపక్కా! ధైర్యంగా చెప్పవే! నీ ఇంట్లో నువ్వు కూర్చున్నట్టు కూర్చో!"

ఆ తర్వాత వచ్చిన గొంతు పద్మావతమ్మ ఎన్నడూ వినలేదు. "నా పేరు జంపక్క. మా నాయిన బొజ్జయ్య. ఈ ఇల్లు నాది." వణుకు లేదు, తడబాటు లేదు. అమ్ముతున్న అనే చివరి మాట ఒక్కటే కాస్త మెల్లగా వచ్చింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. వెంకటరామారావు చెమట తుడుచుకుంటూ, పని అయిందన్నట్టు భార్య వంక చూసి తలూపాడు. గర్వమొకటి, మళ్ళీ!

రెండు రోజుల్లో ఇల్లు ఇంటర్నెట్లోకి ఎక్కింది. హాలు ఫంక్షన్ హాలంత ఉంది. ఆకాశం నీలంగా మెరుస్తోంది, గోదావరి బుద్ధిమంతురాలిలా దూరంగా పడుకుని ఉంది. పచ్చ టిక్కు పక్కన పట్టుచీరలో జంపక్క. వెంకటరామారావు ఆ వీడియోను కనబడిన ప్రతివాడికీ చూపించాడు. ఊళ్ళోవాళ్ళు చూడరన్న మనిషే చూపించుకుంటూ తిరిగాడు. వాళ్ళు ఇంకొకరికి పంపారు. చర్ల అవతల అడివి ఊళ్ళలో పోలీసు క్యాంపులు పడ్డాక సెల్ టవర్లు కూడా పడ్డాయన్న సంగతి ఆయనకు తట్టనేలేదు.

ఆ వారమే జంపక్క, విత్తనాలు చల్లే ముందు కోయలు చేసుకునే భూమి పండుగకని చర్ల దగ్గర తన వాళ్ళ ఊరికి వెళ్ళింది. ఏటా నాలుగు రోజులుండి, ఇప్పపూలు మూటగట్టుకుని నవ్వుతూ వచ్చేది. ఈసారి మర్నాడే వచ్చేసింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది. ఏమైందని పద్మావతమ్మ అడగలేదు. అంట్లు పడి ఉన్నాయి, ముందు అవి తోమమంది.

ఆదివారం పొద్దున గేటు ముందు కారాగింది. దిగినవాళ్ళు రామ్‌చందర్, అతని భార్య ద్వాలి. అతను కాలేజీ లెక్చరర్, ఆమె నర్సు, ఇక్కడి దవాఖానాకు బదిలీ అయింది. ఇద్దరూ లంబాడీలు, చట్టం లెక్కలో గిరిజనులే. వీళ్ళకు ఎవరి పేరూ అరువక్కర్లేదు, సొంత పేరు మీదే కొనుక్కోవచ్చు. ఇంతకన్నా మంచి బేరం ఉండదని పద్మావతమ్మకు గుండెలో పాలు పొంగాయి. ఖానాపురం హవేలి కళ్ళ ముందు కదిలింది.

వాకిలి ఊడుస్తున్న జంపక్కను చూడగానే ద్వాలి గుర్తుపట్టింది. "నమస్తే అక్కా. వీడియోల మిమ్మల్నే చూసినం. ఇల్లు మస్తు నచ్చింది. ధర మీతోటే మాట్లాడుదామని వచ్చినం."

"రండి రండి, నాతో మాట్లాడండి," అంటూ వెంకటరామారావు పంచె సర్దుకుంటూ మెట్లు దిగాడు.

రామ్‌చందర్ మర్యాదగానే అడిగాడు. "మీరేమైతరు సార్?"

వెంకటరామారావు నోరు తెరిచాడు. ఓనర్ని అంటే నేరం తన నోటితో ఒప్పుకున్నట్టు. బంధువునంటే నమ్మేవాడెవడు? గోడల మీద చూపిద్దామంటే ఒక్క ఫొటో లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"మేము... ఇక్కడ కిరాయికుంటాం," అన్నాడు చివరికి.

పద్మావతమ్మకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఇల్లు కొంటే వీళ్ళు ఖాళీ చేస్తరా అక్కా?" అని ద్వాలి జంపక్కనే అడిగింది.

జంపక్క చీపురు గోడకానించింది. "ఇల్లు ఇయ్య బిడ్డా. అమ్మకానికి లేదు. మిమ్మల్ని ఇంత దూరం తిప్పిచ్చిన, ఏమనుకోకుండ్రి." లోపలికి వెళ్ళి చల్లటి నీళ్ళు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. వాళ్ళు తాగి, నొచ్చుకోకుండానే వెళ్ళిపోయారు.

కారు మలుపు తిరిగిందో లేదో వెంకటరామారావు విరుచుకుపడ్డాడు. "ఏంటే ఇది? ఎవరిల్లనుకున్నావు? నా ఉప్పు తిని..."

"అరవకయ్యా. పక్కోళ్ళు వింటరు," అంది జంపక్క. ఆయన ఠక్కున ఆగిపోయాడు. పక్కవాళ్ళు వింటే మునిగేది ఎవరో ఆయనకు తెలుసు.

"మేమేం అన్యాయం చేశామే నీకు?" అంది పద్మావతమ్మ. "ఈ వయసులో నన్నీ గోదావరి పాలు చేస్తావా?"

"అమ్మా, ఇన్నేండ్లు ఇది మీ ఇల్లన్నరు, నేను అవ్ అన్న. మీరు అమ్ముకుంటే నాకేంది అనుకున్న. ఇప్పుడు మా ఊరంత ఆ వీడియో చూసిన్రు. భూమి పండుగల మా పెద్దలు నా చేతుల ఇత్తనం కూడ పెట్టలే. బొజ్జయ్య బిడ్డ, తండ్రి చేను బజార్ల పెట్టి నవ్వుకుంట అమ్ముతుందట అని మొగం మీదనే అన్నరు. నేనేం చెప్పాలె? నా నోటితోటే చెప్పిన గదా." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ మాట నేను మొయ్యలేనమ్మా."

వెంకటరామారావు అరుగు మీద కూలబడ్డాడు. పెట్టెలో తెల్లకాగితం ఉంది, అది ఎవరికి చూపించినా ముందు తనకే సంకెళ్ళు. పద్మావతమ్మ ఆయన వంక చూసింది. ఈ మనిషినీ, ఆ పిల్లనూ, ఆ ప్లాస్టిక్ నిమ్మకాయలనూ కలిపి తిట్టాలని ఉంది. ఏడుపు వచ్చింది.

జంపక్క దగ్గరికొచ్చి, మొదటిసారిగా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఏడ్వకమ్మా. మిమ్మల్ని పొమ్మన్ననా? ముసలోళ్ళు, ఏడికి పోతరు? ఉండుండ్రి. కిరాయి మీకు తోచినంత ఇయ్యుండ్రి."

ఎగతాళికి అనుంటే పద్మావతమ్మ తిరిగి నాలుగు అంటించేది. జంపక్క నిజంగా జాలిపడే అంది.