మామయ్యగారి ప్లస్

కోడలికి ఊరికే కూర్చోవడం చేతకాదు. ఇంట్లో గిన్నెలు సర్దినట్టే ఆఫీసులో ప్రోగ్రాములూ సర్దుతుంది. రేవు ఆఫీసులో ఆవిడ పని, సముద్రం మీద ఏ పడవ ఎక్కడుందో తెర మీద చూపించే ప్రోగ్రామును చూసుకోవడం. ప్రతి పడవ నుంచీ గంటకోసారి ఒక వరుస వస్తుంది. మొదట పడవ పేరు, తర్వాత అది ఉన్న చోటు చెప్పే రెండు అంకెలు, చివర గాలి ఎలా ఉందో ఒక మాట. పడవవాళ్ళు చిన్న పెట్టె మీద టైపు చేసి పంపుతారు. ఆ వరుసను ముక్కలుగా తెంపి, రెండో ముక్కా మూడో ముక్కా తీసుకుని తెర మీద చుక్క పెట్టాలి. అంతే సంగతి.

ఎక్కడ తెంపాలో కంప్యూటరుకి చెప్పేది ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఆవిడకంటే ముందు పనిచేసినాయన ఖాళీ గుర్తు రాసి, పక్కన ఒక ప్లస్ తగిలించి వెళ్ళిపోయాడు. ఎందుకో ఒక్క మాట రాసి చావలేదు.

"మాటకీ మాటకీ మధ్య ఉండేది ఒక్క ఖాళీయేగా, ఈ ప్లస్ దేనికి, దండగ!" అనుకుని పొద్దున్నే దాన్ని పీకేసింది. అప్పుడే వచ్చిన ఒకటి రెండు వరుసలతో సరిచూసుకుంది. చుక్కలు చక్కగా పడ్డాయి. పనైపోయిందని చేతులు దులుపుకుంది.

మధ్యాహ్నానికి గాలి ముదిరింది. రేవు అధికారి పడవలన్నిటినీ వెనక్కి రమ్మన్నాడు. తెర మీద చుక్కలు ఒడ్డు వైపు తిరిగాయి. ఒక్క పడవకి మాత్రం చుక్కే లేదు. అది ఆవిడ మామయ్య పడవ.

రేడియోలో పిలిచారు. గురగురమన్న మోత తప్ప జవాబు లేదు. చేపల షెడ్డులో పనిచేసే అత్తకి ఆ కబురు ఎవరు మోశారో గానీ, తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏదమ్మాయ్, మీ మామయ్యది ఏది? చూపించు!"

కోడలు తెర మీది చుక్కలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ వెతికింది. అత్తకి అర్థమైపోయింది. కుర్చీలో కూలబడింది.

"పొద్దున పోట్లాడానే ఆయనతో! చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడిచాడని. ఛీ, బోడి చెప్పుల కోసం!"

అధికారి రక్షణ పడవను పంపడానికి ఫోనెత్తాడు. ఎటు పంపాలో మాత్రం తెలియడం లేదు. "ఆఖరున ఎక్కడ కనిపించాడమ్మా?" అని అడిగాడు. పొద్దుటి చోటు తప్ప కోడలి దగ్గర ఏమీ లేదు. ఇంత గాలిలో, ఆ చోటికి, ఉన్నాడో లేడో తెలియకుండా ఇంకో నలుగురిని పంపాలా?

"నీ ఫోనుకేమన్నా పెట్టాడేమో చూడమ్మా," అంది అత్త.

చూసింది. పొద్దున పడవెక్కే ముందు పెట్టిందే ఉంది. "అమ్మాయ్  మీ  అత్త  కోపం  తగ్గిందేమో  చూసి  చెప్పు." ఎప్పటిలాగే మాటకీ మాటకీ మధ్య రెండేసి ఖాళీలు. 'మామయ్యా, మీ మాటల మధ్య లారీ పడుతుంది' అని ఎన్నిసార్లు ఏడిపించిందో!

రెండేసి ఖాళీలు.

"అయ్యో, నా బుద్ధి తగలెయ్య!" అంటూ లేచిన కోడలు మళ్ళీ కూర్చుంది.

పడవల నుంచి వచ్చిన వరుసలను తెంపకముందు ఎలా ఉన్నాయో అలాగే తెరిచింది. ఉంది! మామయ్య గంటగంటకీ బుద్ధిగా పంపుతూనే ఉన్నాడు. ఇప్పుడే వచ్చింది కూడా ఉంది. ప్లస్ ఉంటే, ఖాళీలు ఒకటైనా పదైనా కలిపి ఒకే తెంపు. ప్లస్ పోయాక ప్రతి ఖాళీ దగ్గరా ఒక తెంపు. రెండు ఖాళీల మధ్య ఏమీ లేని ముక్కొకటి పుట్టుకొచ్చి, సరిగ్గా అంకె ఉండాల్సిన రెండో చోట కూర్చుంది. చోటు లేని పడవ కాబట్టి చుక్క పెట్టక్కర్లేదని ప్రోగ్రాము కిమ్మనకుండా పక్కన పడేసింది.

ప్లస్ తిరిగి పెట్టింది. చుక్క ప్రత్యక్షమైంది. అలల్ని ఆపే రేవు గోడ దాటి, లోపలికి వస్తోంది.

"హమ్మయ్య!" అని అధికారి ఫోను పెట్టేశాడు. అత్త ఏడుస్తూ నవ్వుతూ తెర దగ్గరికి వంగింది. "ఇదేనా ఆయన? ఇంతేనా?" అంటూ తడి వేలితో ఆ చుక్కని ముట్టుకుంది.

కాసేపటికి మామయ్య నిలువునా తడిసి వచ్చాడు. "ఏంటి, అందరి మొహాలూ అలా ఉన్నాయి?"

"ఏమయ్యా, చెప్పులు నడింట్లో విడుచుకో. నేనేమన్నా అంటే అడుగు!" అంది అత్త.

"తప్పంతా నాదే మామయ్యా," అని కోడలు జరిగింది చెప్పేసింది. "అయినా రెండేసి ఖాళీలు దేనికండీ?"

"ఒక్కటి పెడితే నా కళ్ళకి మాటలన్నీ అతుక్కుపోతాయమ్మాయ్. పడవ ఊగేటప్పుడు మరీను." ఆయన తల గోక్కున్నాడు. "నీకు ఇబ్బందిగా ఉంటే ఇకమీదట ఒక్కటే పెడతాలే."

"వద్దు మామయ్యా!" కోడలికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "పది పెట్టుకోండి. ఇరవై పెట్టుకోండి."

వాళ్ళని ఇంటికి పంపి, ఆవిడ మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. తర్వాత వచ్చేవాళ్ళు చదువుకునేలా ప్రోగ్రాములో ఆ ప్లస్ పక్కనే రాసింది: "ఈ ప్లస్ మా మామయ్యది. ఎవరైనా తీశారో, ఊరుకోను."