ఏడాది సరుకు

అయ్యా, అమ్మా! కేజీ వేరుశనగ నూనె ధర ఎంతని అడిగితే మీరు ఠక్కున చెప్పేస్తారు. మరి రెండు రూపాయల నూనె ధర ఎంతో చెప్పగలరా?

జగ్గయ్యపేట శివార్లలో ఒక సున్నపురాయి క్వారీ, దాని పక్కన కూలీల రేకుల ఇళ్లు, ఆ వరుస చివర రత్నమణి కొట్టు ఉండేవి. సాయంత్రం అయిదు దాటిందంటే ఆ కొట్టు ముందు ఆడవాళ్లు దగ్గుమందు సీసాలు పట్టుకుని నిలబడేవారు. "రెండ్రూపాయల నూనె పొయ్యక్కా. అర్ధరూపాయి చింతపండు, రూపాయి కారం, రెండు ఉల్లిపాయలు." రత్నమణి చిన్న గరిటెతో నూనె కొలిచేది. చింతపండు, కారం పాత పేపరు ముక్కల్లో పొట్లం కట్టేది. పేటలో పెద్ద కొట్లో కేజీ నలభై అయిదు రూపాయలకి దొరికే నూనె ఆ గరిటె లెక్కన అరవై అయిదు పడేది.

రత్నమణిని తిట్టకండి. ఆవిడా పేటకి నడిచి వెళ్లి, సరుకు నెత్తిన మోసుకొచ్చి, ఎలకలు కొట్టేసింది పోగా మిగిలిన దాంతో పూట గడుపుకునే మనిషే. కేజీ సీసా ఒకేసారి తెచ్చుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. తెచ్చుకోవచ్చు. ఆ రోజు బియ్యం మానేస్తే తెచ్చుకోవచ్చు. చేతిలో డబ్బున్నవాడికి సరుకు చవక, లేనివాడికి ప్రియం. ఈ న్యాయం ఎవరు పెట్టారో గాని, ఇప్పటిదాకా ఎవరూ కొట్టెయ్యలేదు.

ఆ వరుసలో మొదటి ఇల్లు దేవరాజ్‌ది. క్వారీలో రాళ్లు లారీకెత్తే పని. భార్య లూర్దమ్మ ఊళ్లో పొలాలకి కూలికి వెళ్లేది. ఒక్కతే కూతురు పరిమళ, చదువులో చురుకు.

పందొమ్మిది వందల తొంభై అయిదు వేసవిలో క్వారీ కూలీలు పందొమ్మిది రోజులు పని ఆపి ఒక మంచి ఒప్పందం సాధించారు. ఇకనుంచి సరుకుల ధరలు పెరిగినప్పుడల్లా కూలి మీద కరువు భత్యం కూడా పెరగాలి. దానికి ముందు కూలీల ఇళ్లలో ఏ సరుకు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత కొంటారో రాసుకోవాలి. ఆ కాగితమే మూడేళ్లకి పైగా, తొంభై తొమ్మిది మార్చి దాకా, భత్యం లెక్కకి ఆధారం. ఇరవై ఇళ్లు తిరిగి రాసుకురమ్మని కంపెనీ తన గుమాస్తా ఉమాకాంతాన్ని పంపింది.

ఆ పొద్దున పనికి పోతూ దేవరాజ్ పెళ్లానికి ఒకే మాట చెప్పాడు. "పెద్దాఫీసు సారొస్తాడంట. మర్యాదగా మాట్లాడు. పరువు తియ్యమాక." ఆ కాగితం దేనికో మాత్రం చెప్పలేదు. అతనికీ సరిగ్గా తెలియదు.

లూర్దమ్మ వాకిలి అలికి, పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకున్న మనిషి తన గుమ్మంలో కూర్చోవడం ఆవిడ ఎరిగిన మటుకు అదే మొదటిసారి. మంచినీళ్లు ఇవ్వబోతే, "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాడు ఉమాకాంతం. ఆ మాటకి అర్థం ఆవిడకి తెలియక కాదు. పరిమళని పరిగెత్తించి రత్నమణి కొట్టునుంచి కూల్‌డ్రింకు తెప్పించింది. మూత ఉన్న సీసా కాబట్టి ఆయన తాగాడు. ఆ సీసా డబ్బులు ఆ ఇంటికి రెండు పూటల కూర.

"ఏమ్మా, నూనె ఎక్కడ కొంటారు?"

ఎదురింటి గుమ్మాల్లో ఆడవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. దగ్గుమందు సీసాతో కొంటామని ఆ మనిషి ముందు చెప్పడానికి లూర్దమ్మకి నోరు రాలేదు.

"పేటలో పెద్ద కొట్లోనండి. నెలకి మూడు కేజీలు. చీటీ రాసిచ్చి తెచ్చుకుంటాం."

"మరి చింతపండు, మిరపకాయలు, ఉల్లిపాయలు?"

"అయ్యి ఏడాది సరుకండి. ఎండాకాలంలో చవగ్గా ఉన్నప్పుడే బస్తాలేసుకుంటాం."

"అమ్మా, మనం ఎప్పుడు..." అంటున్న పరిమళ తొడ మీద లూర్దమ్మ గట్టిగా గిల్లింది.

ఆవిడ అబద్ధాలకోరు కాదు. ఆవిడ చెప్పినదంతా ఆవిడ కళ్లారా చూసిందే. చిన్నతనంలో తల్లి వెంట మైలవరంలో ఒక ఆసామి ఇంటికి వెళ్లేది. ప్రతి వేసవిలో ఆ ఇంటి పంచలో చింతపండు గుట్టగా పోసేవారు. తల్లి పిక్కలు తీసేది, మిరపకాయలు దంచేది. ఉల్లిపాయలు గోడవారన ఆరబోసి, కందులు బానలకెత్తేవారు. వానలు పడి ధరలు మండిపోయినా ఆ ఇంటి ఇల్లాలు బజారు మొహం చూసేది కాదు. సంసారం అంటే అదీ అని లూర్దమ్మ మనసులో పడిపోయింది. పెద్దమనిషి అడిగేసరికి ఆ ఇంటి సరుకంతా వరసగా అప్పజెప్పేసింది. తర్వాత సంతకం పెట్టమంటే వేలిముద్ర వెయ్యకుండా అక్షరాలు కూడబలుక్కుని పేరు రాసింది.

మొదటి ఇంట్లో అలా చెప్పాక మిగతా ఇళ్లవాళ్లు తక్కువ చెబుతారా? లూర్దమ్మ మూడు కేజీల నూనె అంటే పక్కావిడ నాలుగంది. ఒకావిడ ఏకంగా నెయ్యి కూడా రాయించింది. ఉమాకాంతం ఇంట్లోనూ ఏడాది సరుకు వేసవిలోనే వేసుకుంటారు. అంచేత ఆయనకి ఇందులో వింతేమీ కనిపించలేదు. ఆయన కూర్చున్న కుర్చీ వెనకాల ఆ ఇల్లు ఎంతుందో, అందులో బస్తా పెట్టడానికి చోటుందో లేదో తిరిగి చూడనే లేదు.

మొదటి మూడేళ్లూ ధరలు మెల్లిగా పెరిగాయి, భత్యం మెల్లిగా పెరిగింది. తేడా ఎవరూ పట్టించుకోలేదు. పరిమళ పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, తొంభై ఎనిమిది జూన్‌లో నందిగామ కాలేజీలో ఇంటర్ చేరింది. రోజూ బస్సు. ఆ వరుసలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి పిల్ల అదే. దేవరాజ్ క్వారీలో ఆ సంగతి చెప్పని మనిషి లేడు.

ఆ ఏడు వానాకాలంలో ఉల్లిపాయ ఏం చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. రూపాయికి రెండొచ్చే పాయ ఒక్కొక్కటి మూడు రూపాయలైంది. పప్పు పెరిగింది, నూనె పెరిగింది. రత్నమణి కొట్టు ముందు ఆడవాళ్లు ధర విని సీసా తిప్పుకుని వెళ్లిపోసాగారు. లూర్దమ్మ కూర మానేసి ఉప్పు, కారం నూరిపెట్టింది. ఆ కారమూ ప్రియమే. పరిమళ బస్సు పాసు అయిపోయింది. పరీక్ష ఫీజు గడువు దగ్గరికొచ్చింది.

"అక్టోబరులో భత్యం పెరుగుద్ది. రోజుకి ఆరేడు రూపాయలకి తగ్గదు. అప్పుడు రెండూ కట్టేద్దాం" అన్నాడు దేవరాజ్. తల్లీకూతుళ్లు ఆ మాట పట్టుకుని ఎదురుచూశారు.

భత్యం పెరిగింది. రోజుకి అరవై పైసలు.

కూలీలంతా ఆఫీసు మీదికి పోయారు. మేనేజరు ప్రద్యుమ్న కేకలెయ్యలేదు, నవ్వుతూ ఉమాకాంతం చేత ఫైలు తెప్పించాడు. "ఉల్లిపాయలు, మిరపకాయలు, చింతపండు మీరు వేసవిలోనే బస్తాలు కొనుక్కున్నారు కదయ్యా. వేసవిలో ఉల్లిపాయ కేజీ అయిదు రూపాయలే. ఇప్పుడు బజార్లో నలభై అయితే మీకేంటి? మీ ఇంట్లో ఉన్నాయిగా! నూనె, పప్పు మాటంటారా, పెద్ద కొట్లో కేజీ ధరకి ఎంత పెరగాలో అంతా కలిపాం. కావాలంటే చూసుకో దేవరాజ్, మీ ఆవిడ సంతకమే."

దేవరాజ్ ఆ సంతకం చూశాడు. ఇంటికొచ్చి పెళ్లాన్ని ఏమీ అనలేదు. అనడానికి అతనికీ మొహం లేదు, పరువు తియ్యమాకని చెప్పింది తనే కదా.

తగువు నందిగామ చేరింది. రెండు పక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి తిరుపతిరావు, కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటి వరండాలో అందరూ కూర్చున్నారు. లూర్దమ్మతో బాటు వరుసలోని ఆడవాళ్లంతా బస్సెక్కి వచ్చారు. అసలు సంగతి ఏం చెప్పాలో ఎవరికి వారికి తెలుసు. ముందు ఎవరు నోరు విప్పాలన్నదే తేలలేదు.

తిరుపతిరావు కళ్లజోడు సవరించుకున్నారు. "ఏమ్మా, ఉల్లిపాయలు వేసవిలో బస్తా కొంటామని చెప్పింది నువ్వేనా?"

"నేనేనండి."

"నిజమేనా?"

లూర్దమ్మ లేచి నిలబడింది. కొంగు చేతికి చుట్టుకుంది, విప్పింది. ఎదురుగా ఉమాకాంతం ఉన్నాడు, మేనేజరు ఉన్నాడు. నలుగురిలో తన దరిద్రం తనే విప్పి చెప్పుకోవాలి. పక్కనే కూర్చున్న పరిమళ తల దించుకుంది.

"కాదండి, అబద్ధం చెప్పా. మా ఇంట్లో బస్తా పెడితే మేం బయట పడుకోవాలండి. ఏ పూటకా పూట రెండు పాయలు, రెండ్రూపాయల నూనె. ఉన్ననాడు కొంటాం, లేనినాడు పస్తు. నేను రాయించింది మా అమ్మ పనిచేసిన ఆసామి గారింటి సరుకండి. సారు నా వాకిట్లో కూర్చుంటే మా సంగతి చెప్పుకోడానికి సిగ్గేసింది."

మేనేజరు ప్రద్యుమ్న గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు గొప్పకి అలా చెప్పింది, ఇప్పుడు డబ్బుకి ఇలా చెబుతోంది. ఏది నమ్మమంటారు సార్?"

తిరుపతిరావు ఉమాకాంతం వైపు తిరిగారు. "మీరు ఆ ఇంటి ముందు కూర్చున్నారు కదా. బస్తాలు కనపడ్డాయా?"

"చూడమని నాకు చెప్పలేదండి. చెప్పింది రాయమన్నారు, రాశాను" అన్నాడు ఉమాకాంతం. అందులో అబద్ధం లేదు. లోకంలో సగం అన్యాయం ఇలా అబద్ధం ఆడని మనుషుల చేతుల మీదుగానే జరిగిపోతుంది.

తిరుపతిరావు చాలాసేపు కాగితాలు తిప్పారు. చివరికి, "నాకు ఈ తల్లి మాట మీద నమ్మకం ఉంది. కాని రెండు పక్షాలూ సంతకాలు చేసిన ఒప్పందం మార్చి దాకా మార్చే అధికారం నాకు లేదు. కొత్త ఒప్పందంలో మాత్రం ధరలు పేట కొట్లో కాదు, మీ వరుసలో ఉన్న కొట్లోనే వారం వారం రాసుకోవాలని షరతు పెడతాను" అన్నారు.

అంటే అయిదారు నెలలు ఆగాలి. పరీక్ష ఫీజు గడువు నాలుగు రోజులు.

తిరుగు బస్సులో, జగ్గయ్యపేట దగ్గర పడుతుండగా వెనక సీట్లోంచి ఒకావిడ, "నేను నెయ్యి కూడా రాయించా వదినా" అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున పరిమళ కాలేజీ సంచిలోంచి పుస్తకాలు తీసి అటక మీద పెట్టింది. పాత చీర ఒడి కట్టుకుని పత్తి ఏరడానికి తల్లితో బయల్దేరింది. "ఏడవమాకమ్మా. వచ్చే ఏడు మళ్లీ చేరతాలే" అని తనే తల్లిని ఓదార్చింది.

వచ్చే ఏడు ఆ పిల్ల చేరలేదు. చదువు కూడా బియ్యం లాంటిదే. పూట దాటాక వండితే ఆకలి చచ్చిపోయి ఉంటుంది.

మార్చి గడిచింది, కొత్త ఒప్పందం జరిగింది. ఏప్రిల్‌లో ఒక పొద్దున ఉమాకాంతం మళ్లీ కాగితాలు పట్టుకొచ్చాడు. లూర్దమ్మ ఈసారి అలుకు పెట్టలేదు, కుర్చీ అడగలేదు. "నిలబడే రాసుకోండి సారూ, లోపలికొచ్చి చూసి మరీ రాసుకోండి" అంది. ఆయనని వంటగూట్లోకి తీసుకెళ్లి ఖాళీ డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూపించింది. ఉమాకాంతం ఆ డబ్బాల్లోకి వంగి చూశాడు. "మీరు అప్పుడే ఈ మాట చెప్పుంటే..." అన్నాడు మెల్లిగా. "మీరు అప్పుడే ఈ లోపలికొచ్చుంటే" అంది లూర్దమ్మ.

మూడో ఇంట్లో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఉంది. ఆమె లూర్దమ్మని చాటుకి పిలిచి, "పొట్లాల్లో కొంటామని ఎట్టా చెప్పేది అత్తా? పరాయి మనిషి ముందు సిగ్గుగా ఉండదా?" అంది.

లూర్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి, ఉమాకాంతం ఎదుటికి తీసుకొచ్చి నిలబెట్టింది. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా వినేలా చెప్పింది.

"లేకపోడం మన తప్పు కాదే అమ్మాయ్. మనకి కూలి తక్కువిచ్చేవాడు పడాలి సిగ్గు. వాడి సిగ్గు నేను నెత్తినేసుకుని దాచిపెట్టా, దానికి నా కూతురు చదువు పోయింది. లేనిది లేదని గట్టిగా చెప్పు. పేదోళ్లు కొనుక్కోలేనంత ప్రియమైన సరుకు ఈ లోకంలో ఏదన్నా ఉందంటే, అది దొంగ పరువే."