అద్దానికి ఇవతల బాలనర్సమ్మ

ఆ సెంటర్‌లో పిల్లలను కావాలనే ఏడిపిస్తారట. వాళ్లు ఏడుస్తుంటే అద్దం వెనుక కూర్చుని లెక్కపెట్టుకుంటారట. ఆ లెక్కలు ఎక్కడికో పంపిస్తే, పెద్ద చదువు చదివినట్టు కాగితం వస్తుందట. పక్కింటి ఎలీషమ్మ ఇది కళ్లారా చూసిందేమీ కాదు. కౌకూర్‌లో ఆమె చెల్లెలు పనిచేసే ఇంట్లో ఎవరో అనుకున్నారు. చెల్లెలు ఆ మాటను ఆదివారం ప్రార్థన అయ్యాక అక్క చెవిలో వేసింది. ఎలీషమ్మ దాన్ని రావల్కోల్ దాకా మోసుకొచ్చి, పొద్దున్నే గోడ మీంచి బాలనర్సమ్మ వాకిట్లోకి దించింది.

“నువ్వు గాడనే పన్జేస్తవు గదా నర్సక్కా, నిజమేనా?”

బాలనర్సమ్మ టిఫిన్ డబ్బా మూతను అరచేత్తో గుద్ది బిగించింది. “నిజమే. నిన్ను గూడ తోల్కపోయి కూసోబెడ్త. నీ నోరు ఎన్నిసార్లు లేస్తదో లెక్కవెట్టనీకి మాత్రం నాతోని కాదు.”

ఎలీషమ్మ పకపకా నవ్వి లోపలికి పోయింది. బాలనర్సమ్మకు నవ్వు రాలేదు. నెల కిందట ఎవరైనా ఈ మాట అని ఉంటే కొట్టినంత పని చేసేది. ఇప్పుడు మాత్రం తనకే లోపల ఎక్కడో పుల్ల గుచ్చుకుంటోంది.

ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి. మడిలో నానిన కాళ్లకు వేళ్లు విడివిడిగా పరుచుకుపోయాయి. నాట్లయ్యాక ద్రాక్షతోటలో గుత్తులు పలచన చేసే పనికి పోయేది. మేస్త్రి వస్తే ఆడవాళ్ల చేతులు ఎంత జోరుగా ఆడేవో, అతను పంపుసెట్టు వైపు మళ్లగానే ఎంత నిదానించేవో ఆమెకు బాగా తెలుసు. తోట పోయి ప్లాట్ల రాళ్లు లేచాయి. భర్త బాలమల్లు షామీర్‌పేట చెరువులో వల వేసేవాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. దాహమైతే మంచం పట్టెకు తల బాదుకునేవాడు. ఆమె ఒక స్టీలు గ్లాసు తెచ్చి అతని చేతి పక్కన పెట్టింది. అతను గ్లాసు కింద పడేస్తే ఆమె నీళ్లు తెచ్చేది. నాలుగు రోజుల్లో తల బాదుకోవడం ఆగింది. అతను పోయినా గ్లాసు ఇంకా మంచం కిందే ఉంది.

ఎప్పటిలాగే ఆమె మేడ్చల్‌లో ఆటో మారి, షామీర్‌పేట దారిలో ఉన్న సెంటర్‌కు చేరుకుంది. అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లది. మాట రాని పిల్లలు, వచ్చినా అడగలేని పిల్లలు వస్తారు. వాళ్లను వ్యానులోంచి దించడం, ముఖం కడగడం, బాత్రూంకు తీసుకుపోవడం ఆయాగా ఆమె పని. దసరా నుంచి ఇంకో పని తగిలింది. నయన అనే పిల్ల చదువుకునే గదికి ఒక నల్లటి అద్దం ఉంది. లోపలివాళ్లకు అందులో తమ ముఖమే కనబడుతుంది. ఇవతల కూర్చున్న బాలనర్సమ్మకు అంతా కనబడుతుంది. జపం చేసేవాళ్లు వేలికి పెట్టుకునే లెక్క మిషన్ లాంటిది ఆమెకు ఇచ్చారు. నయన తన మణికట్టు కొరుక్కున్నప్పుడల్లా నొక్కాలి.

“పన్ను చర్మానికి తగిలితేనే ఒకటి. ఊరికే నోట్లో పెట్టుకుంటే కాదు,” అని మనీషా మేడం నేర్పించింది. మేడం లోపల పాఠం చెబుతూనే తన లెక్క తను చూసుకునేది, కుడి జేబులోని చింతగింజ ఒక్కొక్కటీ ఎడమ జేబులోకి మారుస్తూ. సాయంత్రం రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టేవారు. అవి కలిస్తేనే నమ్మకం.

నయనకు తొమ్మిదేళ్లు. బౌరంపేట్‌లో గేటున్న కాలనీ నుంచి వస్తుంది. ఎడమ మణికట్టు మీద చర్మం కాయగట్టి నల్లబడింది. మొదట్లో కొన్నాళ్లు ఊరికే చూశారు. తర్వాత ఒక కార్డు ఇచ్చారు. మెట్టు మీద కూర్చున్న పిల్ల బొమ్మ ఉంటుంది దాని మీద. పని విసుగొస్తే కొరుక్కోకుండా ఆ కార్డు మేడం చేతిలో పెట్టాలి. పెట్టగానే కాసేపు పని ఆగిపోతుంది. పిల్ల పట్టేసింది. కొరుక్కోవడం తగ్గిపోయింది. బాలనర్సమ్మకు బాలమల్లు గ్లాసు గుర్తొచ్చి ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

పోయిన వారం కార్డు తీసేశారు.

“ఎందుకు మేడం?”

“అది అడగొద్దు నర్సమ్మా. చూసేవాళ్లకు ముందే తెలిస్తే కళ్లు అదే చూస్తాయి. నువ్వు నొక్కు, చాలు.”

అనుమానం అక్కడే మొలిచింది. మంచిగైన పిల్లను మళ్లీ చెడగొట్టడమెందుకు? కారణం మంచిదైతే దాచడమెందుకు? మేడం ఏదో పెద్ద పరీక్షకు కడుతోందని ఆఫీసులో అనుకోగా విన్నది. మేడం కళ్లకింద నలుపు, ఫోన్లో గుసగుసలు, ఇప్పుడివన్నీ వేరేగా కనబడసాగాయి.

కార్డు తీసేసిన మొదటి పొద్దు, నయన జేబు తడుముకుంది. బల్ల కింద వెదికింది. తర్వాత అద్దం వైపు తిరిగి ఖాళీ అరచెయ్యి చాపింది. తన ముఖానికే చాపుకుందో, అద్దం వెనుక ఆయా ఉందని తెలిసే చాపిందో. బాలనర్సమ్మ లేచి తలుపు కొట్టింది.

“పాపకు బాత్రూం వస్తాంది మేడం.”

బాత్రూంకని అడిగితే ఎవరు ఆపుతారు? కొత్త కార్డు వచ్చినప్పుడు చెత్తలో వేసిన పాతదాన్ని ఆమె ఏరి వక్కాకు సంచిలో దాచుకుంది. వెనుక మెట్ల దగ్గర దాన్ని తీసి చూపింది. నయన అందుకుని, తిరిగి ఆమె అరచేతిలో పెట్టింది. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. పిల్ల భుజాలు దిగేదాకా కూర్చుని లోపలికి వచ్చారు. వారమంతా ఇదే నడిచింది. లెక్కలో మాత్రం బాలనర్సమ్మ దొంగతనం చేయలేదు. పన్ను తగిలితే నొక్కింది. తగలనిదే నొక్కలేదు.

ఒక సాయంత్రం మేడం రెండు లెక్కలూ చూసి కనుబొమలు ముడిచింది. “పెరగాలి కదా... నిజంగానే నొక్కుతున్నావా? నా చెయ్యి చూసి కలుపుతున్నావా?”

“మీ జేబుల గింజలు నాకేడ కనవడ్తయి మేడం?”

లెక్కలు అచ్చంగా కలిశాయి. మేడం గింజలను మళ్లీ కుడి జేబులో పోసుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూనే ఉన్నారు.

ఇవాళ నయనకు ఆఖరి రోజు. తండ్రికి పుణెకు బదిలీ అయింది. కొత్త బడివాళ్లు సెంటర్ ఏం రాసిస్తే అదే చేస్తామన్నారట. మధ్యాహ్నం తల్లి దీప వచ్చి, ఆఫీసు గదిలో మేడం ముందు కూర్చుంది. కార్డుకు అలవాటైతే పిల్లకు మాటలు రావని ఎవరో చెప్పగా ఆమె మొదటి నుంచీ భయపడుతూనే ఉంది.

“కార్డు తీసేసినా కొరుక్కోవడం పెరగలేదు. అంటే తగ్గింది దానివల్ల కాదు, కొత్త బడిలో కార్డు అక్కర్లేదు,” అంది మేడం.

దీప కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. బయట నయన చెప్పులు వేసుకుని, బాలనర్సమ్మ ముందు ఆగి, అరచెయ్యి చాపింది. అందరి ముందు కార్డు బయటికి తీయలేక, బాలనర్సమ్మ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, “పో బిడ్డా, పైలం,” అంది. కారు గేటు దాటింది. పిల్ల వెనక్కి చూడలేదు.

పొద్దు వాలాక మేడం చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చుంది. “ఇప్పుడు చెప్పొచ్చు నర్సమ్మా. కార్డే మందా, లేక పిల్ల దానంతటదే మారిందా తేల్చుకోవాలంటే ఒకసారి తీసి చూడాలి. తీసినాక మళ్లీ కొరుక్కుంటే కార్డు పనిచేసినట్టు. మళ్లీ ఇచ్చేస్తాం. కొరుక్కోలేదు కాబట్టి...”

బాలనర్సమ్మ మాటకు అడ్డం పడింది.

“కొరుక్కోలేదంటే నేను ఇచ్చుకుంటనే ఉన్న మేడం.”

“ఏంది ఇచ్చింది?”

ఆమె వక్కాకు సంచి విప్పి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. “బాత్రూం అని తోల్కపోయి మెట్ల మీద గిదే ఇచ్చిన. రోజూ.”

మేడం కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. “నాకెందుకు చెప్పలేదు?”

“మీరు నాకెందుకు చెప్పలే? పిల్లను ఏడిపియ్యనీకి తీసిండ్రనుకున్న.”

మేడం దీపకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. తప్పు జరిగిందంది. కార్డు కావాలి, కొత్త కాగితం రాసి పంపుతానంది. బాలనర్సమ్మ ఫోన్ మీదికి వంగి, “అవునమ్మా, పాపకు గదే గావాలె,” అంది.

అటువైపు ఎక్కడో సామాను సర్దుతున్న చప్పుడు. తర్వాత దీప గొంతు వినబడింది.

“మధ్యాహ్నం అక్కర్లేదన్నారు, ఇప్పుడు కావాలంటున్నారు. అద్దానికి అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. మీ ఇద్దరిలో నా కూతుర్ని చూసిందెవరు?”

మేడం జేబులోని చింతగింజలు తీసి బల్ల మీద పెట్టింది. బాలనర్సమ్మ నేల వైపు చూసింది. ఫోన్ ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరికీ తెలియలేదు.

బల్ల మీద చింతగింజల పక్కన కార్డు పడి ఉంది. మూల నలిగి, పంటి గాటు పడి, వక్క వాసన వేస్తోంది. దాని మీద బొమ్మలోని పిల్ల ఇంకా మెట్టు మీద కూర్చునే ఉంది.