తడి తువ్వాలు

"మా ఇల్లు దానంతటదే శుభ్రంగా ఉంటుందమ్మా," అన్నాడు ఫెర్గస్ ఆదివారం భోజనాల దగ్గర వాళ్లమ్మతో. మార్నీ అప్పుడు సింకు ముందు నిలబడి ఓవెన్ పళ్లేనికి మాడి అంటుకున్న మాంసం రసం గోకుతోంది. మొగుడి మాటకి నవ్వొచ్చింది, అంతే.

సోమవారం ఆఫీసులో ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊళ్లో, ఇంటిపనులు చేసే రోబోను తయారుచేసే చోట ఆమె ఉద్యోగం. రోబోకింకా ఒళ్లు రాలేదు, చూపే వచ్చింది. కంప్యూటర్లో ఒక ఇల్లు కట్టి, నిజం కెమెరాకి కనిపించినట్టే, కిటికీ ఎండ మెరుపూ కెటిల్ ఆవిరీ సహా దానికి చూపించి, అందులోనే తిప్పి పరీక్షిస్తారు. ప్రతి పరీక్షా నెగ్గుతోంది. నెగ్గదూ మరి? నేలమీద పూచికపుల్ల లేదు. ఎవరో అప్పుడే సర్దేసి పక్కకి తప్పుకున్న ఇల్లది. ఆ ఎవరో ఎవరని మాత్రం ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే, దేన్నీ ముట్టుకోకముందే, మార్నీ మోకాళ్లమీద కూర్చుని రోబో కళ్లుండే ఎత్తునుంచి తన ఇంటిని ఫోటోలు తీసింది. బురద బూట్లు, రొట్టె పొడి, బాత్రూం గుమ్మంలో ఫెర్గస్ తడి తువ్వాలు. ఆ ఎత్తు ఆమెకి కొత్త కాదు, రోజూ వంగేది అక్కడికే. అవన్నీ కంప్యూటర్ ఇంట్లో పరిచింది. రోబో తువ్వాలు దగ్గరే ఆగిపోయింది.

పై అధికారి గ్రేమ్ తల పట్టుకున్నాడు. "శుక్రవారం మన ఇళ్లవాళ్లంతా చూడ్డానికొస్తున్నారు తల్లీ. పాత ఇల్లే పెట్టు. ఇంత చెత్తగా ఎవరి కొంపా ఉండదు."

"తెల్లారి మీ కొంప చూశారా ఎప్పుడైనా?"

"నేను లేచేసరికి బాగానే ఉంటుంది."

"అదే మరి," అంది మార్నీ.

శుక్రవారం తన ఇల్లే పెట్టింది. తెరమీద రోబో తువ్వాలు ముందుకొచ్చి ఆగి, "దారి లేదు. మనిషి సాయం కోసం ఎదురుచూస్తున్నాను," అంది. హాలంతా గొల్లుమంది.

"ఒరేయ్ ఫెర్గస్! ఆ చారల తువ్వాలు నేను కొనిచ్చిందే కదట్రా!" అని అరిచింది అత్తగారు నోరీన్. ఫెర్గస్ చెవులు కందిపోయాయి. గ్రేమ్ భార్య అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వి, "ఈ ఇల్లు తీసేశావో, చూడు!" అంది మొగుడితో. గ్రేమ్ తీయలేదు.

శనివారం పొద్దున తువ్వాలు మళ్లీ అక్కడే ఉంది. అలవాటుకొద్దీ మార్నీ నడుం సగం వంగింది. అంతలోనే నిటారుగా నిలబడింది. రెండు చేతులూ రోబోలా పక్కలకి బిగించి గట్టిగా అంది:

"దారి లేదు. మనిషి సాయం కోసం ఎదురుచూస్తున్నాను."

వంటింట్లో ఫెర్గస్ పగలబడి నవ్వాడు. ఆమె కదల్లేదు. కాసేపటికి నవ్వు ఆగింది. తర్వాత కుర్చీ జరిగింది, అడుగులు దగ్గరికొచ్చాయి.