తూర్పు గోడ ఫోటో

ఆ ఉదయం మబ్బు కురవనూ లేదు, విడవనూ లేదు.

బడి సామాన్ల గదిలో నేనూ, నా బావమరిదీ కంప్యూటర్ ముందు కూర్చోవడం అది మూడో రోజు. నేను బడిలో సామాన్లు చూసుకుంటాను. వాడు మేస్త్రీ. కొత్త గదికి వాడు పునాది తవ్వాక పాత హాలు తూర్పు గోడ పగిలింది. తవ్వకం వల్లేనని పెద్ద టీచరమ్మ అంటుంది. పగులు పాతదేనని వాడంటాడు. తప్పు వాడిదైతే గోడ వాడే కట్టివ్వాలి, మిగతా పని ఇంకొకరికి పోతుంది.

మరమ్మతుల ఫోటోలన్నీ తీసింది నేనే. నాలుగు వేల పైచిలుకు. కెమెరాలో తేదీ ఎన్నడూ సరిచేయలేదు. అందుకే తవ్వకానికి ముందు తూర్పు గోడ ఎలా ఉందో చూపే ఫోటో కోసం ఒక్కోదానికీ గోడ, కప్పు, తడి, కిటికీ అని మాటలు తగిలిస్తూ వస్తున్నాం. టైపు కొట్టి కొట్టి గోడ అనే మాటకి అర్థం పోయింది.

"నీ ఫోటోల్లో మనిషన్నవాడు కనపడడేం బావా? గోడలతో కాపురం చేస్తున్నావా?"

"మీ అక్కతో అనకు."

"ఆవిడకి తెలీకనా!"

మధ్యాహ్నం కావస్తుండగా ఒక గోడ వచ్చింది. వెంట్రుకంత పగులైనా లేదు. కింద నేల మీద సున్నం గీత. పోయినేడు పడమటి వైపు మరుగుదొడ్లకి గీసిందనుకుని "పడమర" అని కొట్టబోయాను.

వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. "పడమర కాదు బావా."

"మరి?"

"గోడలో ఆ దీపం గూడు చూడు, అడుగున వంకర. అది తూర్పు గోడకే ఉంది. గీత నేను గీసిందే, తవ్వే ముందు రోజు."

వాడు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.

"పగులు పాతదన్నావు కదరా."

"నిజంగానే అనుకున్నా." తెర మీద సున్నం గీతకి వేలు ఆనించాడు. "బండ అడ్డొస్తే గీత దాటి గోడవైపు జానెడు తవ్వాను."

"మరి ఏం కొట్టమంటావు?"

"ఉన్నదే కొట్టు. ఇంకో మూడు రోజులు వెతికే ఓపిక ఎవరికుంది?"

తూర్పు గోడ, తవ్వకానికి ముందు, పగులు లేదు. కొట్టాను.

నా భార్య క్యారియర్‌తో వచ్చింది. "ఫోటో దొరికిందా రా?"

"దొరికిందక్కా."

ఆమె ముఖం విప్పారింది. తమ్ముడి ముఖం చూశాక మళ్ళీ ముడుచుకుంది. గిన్నెలు విప్పి, బల్ల మీద కాగితాలు జరిపి, ముగ్గురికీ వడ్డించింది. వాడు మారు వడ్డించుకున్నాడు.