మేజర్ గారు రెండో ముక్క అడిగారు

నెదర్ పాడ్లీలో చర్చి గంట నాలుగు కొట్టిందంటే ఊళ్లో ప్రతి ఇంట్లోనూ టీ కాగాల్సిందే. ఆర్క్‌రైట్ వారింట్లో మరీనూ. వాన రానీ, మంచు రానీ, జర్మన్లతో యుద్ధమే రానీ, నాలుగింటికల్లా ముందుగదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరవాలి. దాని మీద వెండి టీపాత్ర, దోసకాయ శాండ్‌విచ్‌లు, వంటావిడ మిసెస్ టామ్లిన్ చేసిన నిమ్మకాయ కేకు ఉండాలి. ఇంటి యజమాని మేజర్ ఆర్క్‌రైట్ కిటికీ పక్క కుర్చీలో చేరగిలబడి, "ఇవాళ కాస్త తెరిపిచ్చినట్టుంది" అనేవారు. ఆయన చెల్లెలు మిస్ ఆక్టేవియా, "చీకటి పడేసరికి మళ్లీ పట్టుకుంటుందిలే అన్నయ్యా" అనేది. ఆ పూటకి కబుర్లు అయిపోయినట్టే.

మంగళవారం నాడు, టీ తాగిన గంటకల్లా మేజర్ గారు చనిపోయారు. బుధవారం నాలుగింటికి ఎప్పటిలాగే వచ్చి కిటికీ పక్కన కూచుని, ఇవాళ కాస్త తెరిపిచ్చినట్టుందన్నారు. నల్లబట్టల్లో ఉన్న మిస్ ఆక్టేవియా ఆయనకో కప్పు తెప్పించి, అలవాటు ప్రకారం రెండు చెంచాల చక్కెర వేసింది.

ఇంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా డాక్టరు తెచ్చిపెట్టాడు. మేజర్ గారి కడుపులో కందిరీగల్ని చంపే మందు ఉందన్నాడు. ఆ మందు డబ్బా వంటింటి అలమరలో ఉంది. మంగళవారం నాడు నిమ్మకాయ కేకు తిన్నది మేజర్ గారొక్కరే. పైగా సోమవారం రాత్రి ఆయన పుడ్డింగు రాయిలా ఉందని వంటావిడకి వినపడేలా అన్నారట. ఇంకేం కావాలి? లండన్ నుంచి ఇన్‌స్పెక్టర్ బ్లాగ్డన్ దిగాడు. వంటింటికి తాళం పడింది. టీలోకి కొట్టు బిస్కెట్లు వచ్చాయి. మేజర్ గారు వాటి వంక చూడను కూడా చూడలేదు.

మిసెస్ టామ్లిన్ తన గదిలో కూచుని చేతులు పిసుక్కుంటోంది. ఇరవై ఏళ్ల పైబడి ఆ ఇంటికి వండి పెట్టింది. ఉరి తీస్తారన్న భయం ఉంది, ఎందుకుండదు? కానీ దానికన్నా ఇంకో మాట ఆమె గుండెని పట్టుకుని వదలడం లేదు. అయ్యగారు కూడా అలాగే అనుకుంటున్నారా? నా చేతి కేకు తినే పోయాననుకుంటున్నారా? పోనీ వెళ్లి అడుగుదామా అంటే, అయ్యగారు పలకరించందే పనివాళ్లు నోరు విప్పకూడదు. ఈ ఇంట్లో చేరిన మొదటిరోజు చెప్పిన మాట అది.

ముందుగదిలో ఇన్‌స్పెక్టర్ పరిస్థితీ అంతే. మూడు రోజులుగా టోపీ ఒళ్లో పెట్టుకుని, చచ్చిపోయినాయనకి ఎదురుగా కూచుని టీ తాగుతున్నాడు. పెద్దమనిషిని పట్టుకుని, అదీ టీ బల్ల దగ్గర, ఆయన చావు సంగతి ఎలా ఎత్తడం? ఒకసారి తెగించి, "మేజర్ గారూ, మంగళవారం నాడు తమకి..." అని మొదలుపెట్టాడు. మిస్ ఆక్టేవియా బల్ల కింద అతని మోకాలి మీద ఒక్క తన్ను తన్నింది.

"మంగళవారమా? జల్లులు పడ్డాయి" అన్నారు మేజర్ గారు.

"అవునండి, బాగా పడ్డాయండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్, మోకాలు రుద్దుకుంటూ.

శనివారం టీ అయ్యాక మిసెస్ టామ్లిన్‌ని జైలుకి తీసుకెళ్లాలని తేల్చారు. ఆవిడ పెట్టె సర్దుకుని వచ్చి ఒకే ఒక్క కోరిక కోరింది.

"వంటింటి తాళం తియ్యండి బాబూ. వెళ్లేముందు అయ్యగారికి ఒక్క కేకు చేసి పెట్టి పోతాను."

"మళ్లీ కేకా! నీకేమైనా మతిపోయిందా?" అంది మిస్ ఆక్టేవియా.

"కావాలంటే ఇన్‌స్పెక్టర్ గారు పక్కనే నించుని చూసుకోనీండమ్మా."

కొట్టు బిస్కెట్లతో నోరు చచ్చిపోయిన ఇన్‌స్పెక్టర్ వెంటనే ఒప్పుకున్నాడు. పక్కనే నించుని, గిన్నె అంచుకి అంటిన పిండి వేలితో తీసి నాకాడు కూడానూ. విచారణలో భాగమేనన్నాడు.

నాలుగు కొట్టింది. కేకు పళ్లెం ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలక, మిసెస్ టామ్లిన్ కోటూ టోపీ వేసుకుని తనే పట్టుకెళ్లింది. అన్నేళ్లలో టీ వేళ ఆమె ముందుగదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. మేజర్ గారి ముందు ఒక ముక్క పెట్టి వెనక్కి జరిగి నించుంది. మిస్ ఆక్టేవియా కళ్లు మూసుకుంది.

మేజర్ గారు ముక్క నోట్లో పెట్టుకున్నారు. నెమ్మదిగా నమిలారు. పొడి కూడా మిగల్చకుండా తినేసి, పళ్లెం ముందుకి జరిపి, "ఇంకో ముక్క పెట్టండి" అన్నారు.

మిసెస్ టామ్లిన్ హమ్మయ్య అనుకుంది. అయ్యగారు నన్ను అనుమానించలేదు, దేవుడు చల్లగా చూశాడు, ఇక ఏమైనా ఫరవాలేదు అనుకుంది. ఏడుపు ఆపుకోలేక ముక్కు ఎగబీల్చింది.

ఆ చప్పుడుకి మేజర్ గారు తలతిప్పారు. "ఎవరది, మిసెస్ టామ్లినేనా? టోపీ పెట్టుకున్నావా ఏమిటి? ఎక్కడికి ప్రయాణం?"

అయ్యగారే అడిగారు కాబట్టి చెప్పొచ్చు. "జైలుకండీ అయ్యగారూ. మిమ్మల్ని చంపినందుకండీ."

ఇన్‌స్పెక్టర్ చేతిలో చెంచా కిందపడింది.

"నన్ను చంపావా? నువ్వా?" మేజర్ గారి ముఖం ఎర్రబడింది. "ఛఛ, ఏమిటీ అన్యాయం! నాతో ఎవరూ ఒక్క ముక్క అనలేదేం?"

"అడిగితే బాగుండదని..." అని నసిగాడు ఇన్‌స్పెక్టర్.

"అడగందే నేనెలా చెప్తానయ్యా? నాకు మాత్రం సిగ్గుండదూ?" మేజర్ గారు కప్పులోకి చూస్తూ గొంతు తగ్గించారు. "ఆ రోజు కేకు నాలుగు ముక్కలు తిన్నాను. గుండెల్లో మంట పుట్టింది. వంటింట్లో ఎవరూ లేని సమయం చూసి వెళ్లి అజీర్తి పొడి తీసుకున్నాను. అంటే, అజీర్తి పొడి అనుకుని తీసుకున్నాను. రెండు డబ్బాలూ ఒక్కలాగే కనిపించాయి."

"కళ్లజోడు ఏదన్నయ్యా?"

"సొరుగులో. అది పెట్టుకుంటే ముసలాడిలా ఉంటాను ఆక్టేవియా."

చచ్చిపోయినాయనే స్వయంగా చెప్పాక ఇంకేముంది? ఇన్‌స్పెక్టర్ లేచి మిసెస్ టామ్లిన్‌కి వంగి దణ్ణం పెట్టినంత పనిచేసి, రెండు ముక్కలు గబగబా తిని, ఇంకో రెండు జేబురుమాలులో కట్టుకుని రైలెక్కాడు.

ఆదివారం నాలుగింటికి మిసెస్ టామ్లిన్ మళ్లీ కేకు చేసింది. సొరుగులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, దాన్నీ పళ్లెం పక్కనే పెట్టింది. మేజర్ గారు గొణుక్కుంటూ పెట్టుకున్నారు. కిటికీలోంచి బయటికి చూసి, "అరె, వాన దంచేస్తోందే!" అన్నారు. తర్వాత ఆమె వైపు తిరిగి చాలాసేపు చూశారు.

"నీ గడ్డం మీద పుట్టుమచ్చ ఉందన్నమాట, మిసెస్ టామ్లిన్."

"పుట్టినప్పటి నుంచీ ఉందండి."

"ఇన్నేళ్లు నీ చేతి వంట తిన్నాను. నీ ముఖం ఇవాళ చూస్తున్నాను. నువ్వు చేసినవన్నీ బాగున్నాయమ్మా, ఆ పుడ్డింగు తప్ప. చాలా థాంక్స్." పక్క కుర్చీ లాగారు. "కూచో."

ముందుగదిలో వంటావిడ కూచోవడమా! మిసెస్ టామ్లిన్ బిక్కమొహం వేసుకుని అమ్మగారి వంక చూసింది. మిస్ ఆక్టేవియా ఇంకో కప్పు తెప్పించి, టీ పోసి, చక్కెర గిన్నె మీద చెయ్యివేసి ఆగింది. ఈ మనిషికి ఎంత వెయ్యాలో తనకి తెలియదు.

"ఎన్ని చెంచాలు?" అని అడిగింది.