వాగు నడుమ పెళ్లిగుర్రం

పెళ్లిగుర్రానికి అడవి దారి ఎందుకని హాతీరాం వాదన. కారేపల్లి అవతలి తండాలో గుర్రాలు పెంచి పెళ్లి ఊరేగింపులకు తోలే మనిషి, ఆ మాత్రం గర్వం ఉండదా? కొత్తగా కొన్న తెల్ల గుర్రప్పిల్లను ఏడు నెలలుగా మైదానంలోనే తిప్పాడు. తాను నడుమ నిలబడి పొడుగుతాడు పట్టుకుంటే అది చుట్టూ గుండ్రంగా నడవాలి. బ్యాండు మోగినా, టపాసులు పేలినా బెదరకూడదు.

"అడవిల గూడ తిప్పరాదు? నీళ్లంటే భయం పోతది," అని భార్య రుక్మిణి మొత్తుకునేది.

"కాళ్లకు ముండ్లు గీరుకుంటే పెండ్లికొడుకు ఎక్కుతడా? నీకేం ఎరుక," అని కొట్టిపారేసేవాడు.

రెండువేల ఆరు వానాకాలంలో, పత్తిచేలో కలుపు తీస్తుంటే రుక్మిణిని పాము కరిచింది. దవాఖానా దారిలో వాగు పొంగి, జీపులన్నీ అవతలి రోడ్డు మీదే ఆగిపోయాయి. తండాలో మగవాళ్లంతా నాట్లకు పోయారు. ముసలి గుర్రాలు రెండూ కిరాయికి తల్లాడ పోయాయి. మిగిలింది ఈ పిల్ల ఒక్కటే.

రుక్మిణిని తువ్వాలుతో జీనుకు కట్టి పిల్లను అడవి దారి పట్టించాడు. ఆకు కదిలితే ఆగింది, కొమ్మ తగిలితే ఉలిక్కిపడింది. వాగు కనబడగానే నాలుగు కాళ్లూ నేలలో పాతేసింది. బతిమాలాడు, తిట్టాడు, చివరికి కొట్టాడు కూడా. దాని మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. అది వెనక్కి తగ్గిందే గాని అడుగు ముందుకెయ్యలేదు.

"కండ్లు తెరుచుకుంటలేవయ్యా," అంది రుక్మిణి, ముద్ద ముద్దగా. హాతీరాంకు ఏడుపు తన్నుకొచ్చింది. చేతులారా చేసుకున్నదానికి ఎవరిని అంటాడు?

దానికి తెలిసింది గుండ్రంగా తిరగడమొక్కటే. ఆ సంగతి తట్టగానే తాడు కొస పట్టుకుని వాగులోకి దిగాడు. పడుతూ లేస్తూ నడుమ ఉన్న బండ ఎక్కి, మైదానంలో చేసినట్టే నాలుకతో టక్ టక్‌మనిపించాడు. పిల్ల చెవులు నిక్కించింది. గట్టు మీద నాలుగడుగులు వంపుగా వేసింది, ఐదో అడుగు నీళ్లలో పడింది. ఆగలేదు. నీళ్లు కడుపుదాకా వచ్చాయి, జీనుదాకా వచ్చాయి, రుక్మిణి తల వాలిపోయింది. అయినా అది అతని చుట్టూ తిరుగుతూ అవతలి గట్టెక్కింది.

ఎక్కి, మళ్లీ వాగు వైపే తిరిగింది. ఇంకా సగం చుట్టు మిగిలే ఉంది మరి!

"ఇటు రాకే! రోడ్డుమీదికి పోవే!" అని గొంతు చించుకున్నాడు. ఆ మాట దానికి ఎవరు నేర్పారు గనక? రోడ్డు మీద జీపు హారన్లు వినిపిస్తున్నాయి గాని, వరద హోరులో అతని కేక వాళ్లకు చేరలేదు. బండకు అవతల వరద ఉరవడిలో మనిషి నిలవలేడు. తాడు లాగితే అది తన దగ్గరికే వస్తుంది. హాతీరాం తాడు వదిలేశాడు.

గుర్రప్పిల్ల ఆగింది. ఏం చెయ్యాలో చెప్పమన్నట్టు అతని వైపే చూసింది. హాతీరాం బండ మీదే రెండు చేతులూ జోడించి, తాను నేర్పినదంతా మరిచిపొమ్మని దానికి మొక్కాడు.